ఉత్త గిన్నె

నాచారంలో మా కర్రీ పాయింట్ ముందు మోరీ ఉంది. మొన్న వానలకు అది పొంగి, మేం కట్టి అమ్మిన సాంబారు కవర్లను రబ్బరు బ్యాండ్లతో సహా మా గడపలోకే తెచ్చిపెట్టింది. లోకం ఏమైపోయినా నాకు ఫికర్ లేదు గానీ, నా పొయ్యి దాకా మురుగొస్తే ఊరుకోను. ఆ రోజే కవర్లు బంద్ అన్నాను. ఉప్పల్ మార్కెట్లో మూతల స్టీలు గిన్నెలు కొనుక్కొచ్చాం. కూర గిన్నెలో పట్టుకుపోండి, మర్నాడు గిన్నె తెచ్చివ్వండి, అంతే.

కూరలు బాగానే పోయాయి. గిన్నెలే రాలేదు.

వారం తిరగకముందే గిన్నెల అల్మారా బోసిపోయింది. ఆ సాయంత్రం ఫ్యాక్టరీ షిఫ్టు వదిలి వచ్చినవాళ్లు కూర ఉన్నా, పట్టుకుపోను గిన్నె లేక కొనకుండా వెళ్లిపోయారు. మా ఆయన కవర్ల కట్ట తెచ్చి కౌంటర్ మీద పడేశాడు.

"సోమవారం దాక సూస్త. గిన్నెలు రాకుంటే మళ్ల కవర్లే. దుకాణం మూసుకుందమా ఏంది?"

నేను బస్తీ మొత్తాన్నీ దొంగల కింద జమకట్టి, కొంగు బిగించి బయల్దేరాను. మొదటి ఇల్లు పక్క సందులో ఒంటరిగా ఉండే రిటైరైన టీచరమ్మది. రోజూ మా దగ్గరే కూర కొంటుంది. వంటింట్లోకి తొంగిచూస్తే మా గిన్నెలన్నీ తళతళా తోమి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"ఉత్త గిన్నె ఎట్ల ఇయ్యాలె బిడ్డా? ఏదన్న వండి, ఏసి ఇద్దామని ఆపిన," అంది.

"మరి వండొచ్చు గద టీచరమ్మా?"

"వండేదుంటే నీ దగ్గర ఎందుకు కొంట?"

ఉత్త గిన్నెలు ఆమె ఇవ్వనంది, నేను పక్కింటికి నడిచాను. మిగతా ఇళ్లలోనూ ఇదే పాట. ఇంకొకరి గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని నేర్పిన అమ్మలందరినీ తిట్టుకుంటూ తిరిగొచ్చాను. అందులో మా అమ్మ కూడా ఉంది.

మర్నాడు కౌంటర్ మీద చక్కెర డబ్బా పెట్టాను. గిన్నె తెచ్చినవాళ్లు మా డబ్బాలోని చక్కెర చిటికెడు తీసి, మా గిన్నెలోనే వేసి, దర్జాగా నా చేతికిచ్చేవాళ్లు. వాళ్లు అటు తిరగ్గానే నేను దాన్ని మళ్లీ డబ్బాలో దులిపేదాన్ని. శాస్త్రం నిలబడింది, చక్కెర తగ్గలేదు. సోమవారానికి అల్మారా నిండింది. మా ఆయన కవర్ల కట్టను అటకెక్కించాడు.

టీచరమ్మ అందరికన్నా చివర వచ్చింది. సంచిలోంచి మా గిన్నెలు తీసింది. పై గిన్నెలో టమాటా పప్పు ఉంది.

"మా సారు పోయినంక పొయ్యి ముట్టియ్యలే. ఇయ్యాల ముట్టిచ్చిన."

పప్పులో ఉప్పు మస్తు పడింది. నేనూ మా ఆయనా నీళ్లు తాగుతూ మొత్తం తిన్నాం. నాకు కళ్లు చెమర్చాయి. ఉప్పుకు కాదు.

ఇప్పుడు ఆమె వచ్చే వేళకు చక్కెర డబ్బాను కౌంటర్ కింద దాచేస్తున్నాను.