కవరులోకి వెళ్ళిన ఓటు

నిన్న మధ్యాహ్నం పప్పుకి తాలింపు వేస్తుంటే ఫోన్ మోగింది. నేను పదవీ విరమణ చేసిన బ్యాంకు శాఖలో ఈమధ్యే చేరిన అమ్మాయి. కర్నూలు పిల్ల, మాట్లాడితే సగం ఇంగ్లీషు. "మేడమ్, నాకు ఎలక్షన్ డ్యూటీ పడింది. ఫస్ట్ టైమ్. ఫుల్ టెన్షన్‌గా ఉంది. మీరు చాలాసార్లు చేశారంట కదా, ఏమైనా టిప్స్ చెప్పండి" అంది. దుప్పటి ఒకటి, దోమల బత్తి ఒకటి, బిస్కెట్లు, మంచినీళ్ళు, పాదాలకు బిగుసుకోని చెప్పులు అని చెప్పుకుపోయాను. ముందురోజు రాత్రి బడి బల్లల మీద పడుకోవాలి కాబట్టి నడుము సంగతి చూసుకోమన్నాను. అన్నీ రాసుకుంది. చివరికి, "వీటన్నిటికంటే కష్టం ఏంటి మేడమ్?" అని అడిగింది. "మరుగుదొడ్డి" అన్నాను. పకపకా నవ్వి ఫోన్ పెట్టేసింది. ఆవాలు నల్లగా మాడిపోయి వంటిల్లంతా ఘాటు కమ్మింది. నేను చెప్పింది అబద్ధం కాదు గాని, ఆ పిల్ల అడిగినదానికి జవాబు మాత్రం కాదు.

నేను నెల్లూరు మనిషిని. ఉద్యోగం నన్ను బెంగళూరు తీసుకొచ్చింది, ఆ తర్వాత బెంగళూరు నన్ను వదల్లేదు. ఇప్పుడు వర్తూరు చెరువు పక్కన ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాను. గాలి అటునుంచి వీచినప్పుడు కంపుకి కిటికీలు మూసుకుంటాం, ఇటునుంచి వీచినప్పుడు చెరువు భలే ఉందని చుట్టాలకు ఫోటోలు పంపుతాం. కన్నడం మాట్లాడటం కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నాను, చదవడం బస్సు బోర్డుల మీద. ఆ మాత్రం కన్నడంతోనే ఎన్నికల శిక్షణ తరగతిలో ముందు వరుసలో కూర్చునేదాన్ని. ఒక ఏడాది అసెంబ్లీ ఎన్నికలకు మాకు పాఠం చెప్పినాయన యంత్రం గురించి చాలాసేపు చెప్పి, మిగతావన్నీ భోజనాల వేళకు ముగించాలని పరుగు అందుకున్నాడు. ఓటరు వచ్చేసరికే అతని పేరు మీద ఎవరో ఓటేసి వెళ్ళిపోయి ఉంటే ఏం చెయ్యాలి? అతన్ని యంత్రం నొక్కనివ్వకూడదు. కాగితం బ్యాలెట్ ఇచ్చి, ముద్ర వేయించి, కవరులో పెట్టి సీలు వెయ్యాలి. దాన్ని టెండర్ ఓటు అంటారు. "కోర్టు అడిగితే తప్ప దాన్ని లెక్కపెట్టరు" అని ఆయన అంటుండగానే వెనక బెంచీలోంచి ఎవరో భోజనం కూపన్లు ఎక్కడిస్తారని అడిగారు. హాలంతా అటు తిరిగింది. నేనూ తిరిగాను.

ఆ ఎన్నికల్లో మాకిచ్చిన బూత్ నగరం నడిబొడ్డున, పాత పేటల్లో ఒకదానిలో, ఒక చిన్న బడి. పేట పేరు చెప్పను. రెండు బళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్ళాల్సినంత ఇరుకు సందు. ఇళ్ళ గడపల్లో కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ ఒకదానిమీద ఒకటి పడి దొర్లుతుంటాయి. నాది రెండో అధికారి పని. మొదటి అధికారి, ఒక కుర్ర ఇంజనీరు, జాబితాలో పేరు చూసి గీత కొడతాడు. నేను నా పుస్తకంలో వరుస నంబరు రాసుకుని, సంతకం తీసుకుని, ఎడమచేతి చూపుడు వేలికి సిరా పూస్తాను. ప్రజాస్వామ్యం అనే మాట పేపర్లో కనిపిస్తే అప్పటిదాకా నాకు ఆవులింత వచ్చేది. ఆ రోజు దాన్ని వేళ్ళ రూపంలో చూశాను. గోరింటాకు పండిన వేళ్ళు, పూలు కట్టీ కట్టీ దారం కోసుకుపోయిన వేళ్ళు, రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన పీణ్య ఫ్యాక్టరీల కార్మికుల నూనె వేళ్ళు, మొదటిసారి ఓటు కాబట్టి గోళ్ళరంగు తుడిచేసుకుని వచ్చిన ఒక పిల్ల వేళ్ళు. ఒకాయనకు ఆ వేలే లేదు. మిషన్లో పోయిందని నవ్వుతూ పక్క వేలు చాపాడు. ఆ పిల్ల సిరా ఆరేదాకా వేలిని గాలిలో నిలబెట్టి నడుస్తుంటే ఆ వేలు గుమ్మం దాటేదాకా చూశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంతకంటే ముఖ్యమైన పని చెయ్యలేదనిపించింది. కాస్త గర్వం కూడా వచ్చిందనుకోండి. వరుస బడి గేటు దాటి సందు మలుపుదాకా సాగిన సమయంలోనే మాకు ఇడ్లీ పొట్లాలు వచ్చాయి. పార్టీల ఏజెంట్లు, మేము, అందరం ఒక కన్ను పొట్లం మీద, ఒక కన్ను పని మీద పెట్టాం.

ఎండ ముదిరాక బూత్ ఖాళీ అయింది. అప్పుడొచ్చాడు పెద్దాయన, కోడలి భుజం మీద చెయ్యి వేసుకుని. ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా, భుజాన జరీ అంచు కండువా. పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. గది గుమ్మంలో చెప్పులు విడిచాడు. అక్కర్లేదని కానిస్టేబుల్ చెప్పినా వినలేదు. "ఏమప్పా, అందరూ బువ్వలు తిన్నారా?" అని మమ్మల్నే పలకరించి కార్డు తీసి మొదటి అధికారి ముందు పెట్టాడు. ఆ కుర్ర ఇంజనీరు నంబరు వెతికి, వేలు అక్కడే ఆపేసి, కదలకుండా ఉండిపోయాడు. ఆ పేరు మీద అప్పటికే గీత ఉంది.

"గీత కొట్టిండారా?" పెద్దాయన ముందుకు వంగి చూశాడు. "అదెట్లప్పా? నేనింకా బతికే ఉండాను కదా."

ఏజెంట్లు లేచి నిలబడ్డారు. పార్టీలు వేరైనా ముగ్గురిదీ ఒకటే మాట: ఈయన్ని ఎరగనివాళ్ళు ఈ సందులో లేరు, పట్టుకి రంగులద్దే ఇంటి పెద్దాయన, ఈయనే ఈయన. మా ప్రిసైడింగ్ అధికారి ఒక కాలేజీలో కన్నడ లెక్చరర్. నెమ్మదస్తుడు. కార్డు చూశాడు, తండ్రి పేరు అడిగాడు, ఇల్లు అడిగాడు, ఆ తర్వాత నా పుస్తకం తెరవమన్నాడు. నేను పేజీలు వెనక్కి తిప్పాను. పొద్దున వరుస బాగా పెరిగిన వేళ, ఇడ్లీ పొట్లాలు వచ్చిన వేళ, ఆయన నంబరు నా చేతిరాతలో ఉంది. పక్కన కోడి గీసినట్టు ఒక సంతకం. ఎవడో కావాలని వచ్చి వేశాడో, లేక మావాడు ఒక పేరుకి బదులు ఇంకో పేరు మీద గీత కొడితే నేను చూడకుండా అదే నంబరు రాసుకున్నానో, ఈ రోజుకీ తెలియదు. తెలిసింది ఒకటే. ఆ సంతకం చేసిన మనిషి వేలు నేను పట్టుకున్నాను, సిరా పూశాను. ముఖం మాత్రం చూడలేదు. పొద్దుటినుంచి వేళ్ళు చూసి మురిసిపోయాను గాని, ముఖాలు చూడలేదు.

పెద్దాయన ఎడమచెయ్యి నా ముందు చాపాడు. "చూడమ్మా, నా వేలు చూడు. మచ్చ ఉండాదా? మునుపైతే నా గోళ్ళన్నీ రంగులే, మీ సిరా పూసినా కనపడేది కాదు. ఇప్పుడు పని మానేసినాను, తెల్లగా ఉండాది చూడు." ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఇంకా కుంగదీసింది. ఆయన అరిచి ఉంటే మేమూ అరిచి, నియమాలు చెప్పి, తల ఎత్తుకుని ఉండేవాళ్ళం.

లెక్చరర్ గారు నియమం ప్రకారమే చేశారు. వేరే జాబితాలో సంతకం తీసుకుని కాగితం బ్యాలెట్ ఇచ్చారు. నేను ఆయన వేలికి సిరా పూశాను. కాగితం చూడగానే పెద్దాయన ముఖం విప్పారింది. "ఎన్నేండ్లయిందమ్మా దీన్ని చూసి!" అంటూ అట్ట తెర వెనక్కి వెళ్ళి, ముద్ర వేసి, పట్టు మడతపెట్టినంత నాజూగ్గా మడిచి తెచ్చాడు. లెక్చరర్ గారు దాన్ని కవరులో పెట్టారు. పెద్దాయన ఆ కవరు వైపు, యంత్రం వైపు మార్చి మార్చి చూసి, నా దగ్గరికి వచ్చాడు. నా తెలుగు యాస ఆయనకు అప్పటికే చెవినపడింది.

"నువ్వు మన మనిషివి. నువ్వు చెప్పు తల్లీ. ఇది లెక్కలోకి వస్తాది కదా?"

లెక్చరర్ గారు నన్ను చూశారు. ఇంజనీరు బల్లని చూశాడు. శిక్షణ హాలు, కూపన్ల గోల, ఆ కోర్టు వాక్యం నాకు మాట మాటా గుర్తున్నాయి. "భద్రంగా ఉంటుందండీ" అన్నాను.

అంతే అన్నాను. దానిలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన నా తలమీద చెయ్యి పెట్టి, "చల్లగుండు. ఏ ఆఫీసమ్మా నీది?" అని అడిగి, మా బ్యాంకు పేరు చెప్తే, "ఆ సర్కిల్ కాడ ఉండేదా? మాకు ఆడనే పని పడతా ఉంటాది" అని సంతోషించి, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ కోడలితో, "మా ఓటు కవరులో పెట్టినారు చూడు, గౌరవంగా" అనడం నాకు వినిపించింది. ఆ సాయంత్రం సామగ్రి అప్పజెప్పే చోట పెద్ద గలాటా. యంత్రాన్ని చంటిబిడ్డలా రెండు చేతులతో అందుకున్నారు. మా కవర్లన్నీ కట్టగట్టి ఒక గోనెసంచిలోకి వేశారు. ఆయన కవరు ఎక్కడుందో చూడాలనిపించి తొంగిచూశాను. వెనకాలవాళ్ళు జరగమన్నారు.

ఫలితాలు వచ్చిన కొన్నాళ్ళకు పెద్దాయన మా బ్యాంకుకి వచ్చాడు. చేతిలో మైసూర్ పాక్ డబ్బా. ఆయన మనసులో ఉన్న అభ్యర్థే గెలిచాడట. నా కౌంటరు ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించాడు. "సొల్పం పంచాయితీ అయిందమ్మా. మా సందులో అందరికీ చెప్పినాను, దొంగ ఓటు పడినా బేజారు పడద్దండి, పొయ్యి అడగండి, కవరులో తీసుకుంటారు అని. మా ఎదురింట్లో ఒకడు లాయరు దగ్గర గుమాస్తా. అదేం లెక్కలోకి రాదు, పక్కన పారేస్తారు అంటాడు. నలుగురి ముందర నన్ను పిచ్చోణ్ణి చేసినాడు. ఆ దినం నువ్వు ఆడ ఉండావు. నువ్వు ఒక మాట చెప్తే వాడి నోరు మూయిస్తాను."

వెనక వరుసలో జనం ఉన్నారు. మళ్ళీ భద్రం అని ఏదో అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన నా మాట పట్టుకుపోయి నలుగురిలో నిలబెడతానంటున్నాడు. చెప్పేశాను. పారెయ్యరు, దాచిపెడతారు, కానీ లెక్కపెట్టరు. ఎవరైనా కోర్టుకి వెళ్ళి, కోర్టు అడిగితేనే తెరుస్తారు. ఆ రోజే నాకు తెలుసు అని కూడా చెప్పాను.

పెద్దాయన చేతిలోని డబ్బాని కౌంటరు మీద పెట్టాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుపడాల్సింది నేనైతే, సిగ్గుపడింది ఆయన. సందులో ఎవరెవరికి ఏమేం చెప్పాడో అన్నీ ఆయనకు ఒక్కసారిగా గుర్తొస్తున్నట్టున్నాయి.

"అట్లంటే నేను వేయనట్టేనా?"

నేను తల దించుకున్నాను.

"మరి నా వేలికి సిరా ఎందుకు పూసినావమ్మా?"

దానికి నియమం ఉంది. కాగితం ఓటైనా సిరా పూయాలని నియమం. ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచి, కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. మైసూర్ పాక్ డబ్బా కౌంటరు మీదే ఉండిపోయింది. మా వాళ్ళు ఎవరిది, ఎందుకు అని అడగకుండా మధ్యాహ్నానికి ఖాళీ చేశారు. చాలా బావుందట.

తర్వాత ఆయన రాలేదు. అవసరం పడితే కోడలు వచ్చేది, నా కౌంటరు ఖాళీగా ఉన్నా పక్క వరుసలో నిలబడేది. నేను రెండు మూడుసార్లు ఆ సందు మొదటిదాకా వెళ్ళాను. ఏమని పలకరించాలో తెలియక, కావలసింది లేకపోయినా దారాల కొట్టులో ఏదో కొని తిరిగొచ్చాను. మరుసటి ఏడు పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. నాకు ఈసారి పీణ్య వైపు బూత్ ఇచ్చారు. ప్రతి ముఖమూ చూశాను. నెమ్మదిగా పోతున్నానని వరుసలో వాళ్ళు తిట్టుకున్నారు, లెక్చరర్ గారి స్థానంలో ఉన్న కొత్తాయన విసుక్కున్నాడు. చూస్తూనే ఉన్నాను. దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదని తెలుసు.

పోలింగయిన వారంలో కోడలు బ్యాంకుకి వచ్చింది. ఈసారి నేరుగా నా దగ్గరికే వచ్చింది. "అక్కా, మామ నీకు చెప్పమన్నాడు. ఈ తూరి మిషన్‌లోనే పడిందంట" అంది. నేను కూర్చోమన్నాను. కూర్చుని, నవ్వుతూనే చెప్పింది. "ఎప్పుడూ మధ్యాన్నం బువ్వ తిని, కునుకు తీసి, అప్పుడు నిదానంగా పొయ్యేవాడు. ఈ తూరి ఇంకా చీకటుండంగానే లేచినాడు. కాఫీ కూడా వద్దన్నాడు. బడి గేటు తియ్యకముందే మఫ్లరు చుట్టుకుని ఆడ నిలబడినాడు. కాళ్ళు నొప్పి, స్టూలు ఇస్తానంటే కూర్చోడు. కూర్చుంటే ఎవురన్నా ముందర పోతారంట. ఫస్టు ఓటు మామదే. ఇంటికొచ్చి ఊరుకున్నాడా? ఇంటింటికీ పొయ్యి తలుపులు కొట్టినాడు. లేయండి, ఇంకొకరు వేసేస్తారు, పొండి అని. ఆ గుమాస్తాని కూడా లేపినాడు. టిఫిన్లు కాకముందే మా సందంతా ఓట్లేసేసిండాది."

మర్నాటి పేపర్లో ఆ వరుస ఫోటో పడిందని కూడా చెప్పింది. తను ఎక్కడో చివర్లో నిలబడి ఉందట. ఫోటో కింద ఓటర్ల ఉత్సాహం అని రాశారట. ఆ మాటకి తను మురిసిపోతోంది. నేనూ నవ్వాను.  సందులో అందరి ఓట్లూ పడ్డాయి, అది మంచిదే, అది చిన్న విషయం కాదు. ఆ జనం ఓటు వదిలేసి ఇంట్లో కూర్చోలేదు, పరుగెత్తుకొచ్చారు. ఆ నమ్మకం ముందు నేను చాలా చిన్నదాన్ని. కానీ ఆ పరుగు ఎందుకో పేపరువాళ్ళకి తెలియదు, నాకు తెలుసు. జీవితమంతా కునుకు తీసి, పంచె మార్చుకుని, పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళి ఓటు వేసిన మనిషి, తన పేరుకి తనే కాపలా కాయడానికి చీకట్లో నిలబడాల్సిన కాలం ఒకటి వచ్చింది. అది దానంతటది రాలేదు, అది వస్తున్నప్పుడు నేను ఆ బూత్ బల్ల దగ్గర డ్యూటీలోనే ఉన్నాను.