టైఫాయిడ్ నుంచి లేపిన అటుకుల గిన్నె

జొన్న చేనులో కలుపు తీస్తున్నాం ఆ రోజు. సాలు సగానికి రాగానే చేనంతా ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించింది. ఎండ దెబ్బ అనుకున్నాను. కానీ ఎండ ఎక్కడిది, పొద్దటి నుంచి ముసురు పట్టి ఉంది. పక్క సాలులో ఉన్న మా అమ్మ తల తిప్పి చూసింది.

"ఏందే లచ్చవ్వా, సాలు మీదనే కునుకు తీస్తానవా?"

దగ్గరికి వచ్చి నా మెడ మీద చెయ్యి పెట్టింది. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. నా కొంగులోని కలుపు కింద పారబోసి నన్ను ఇంటికి నడిపించింది.

అప్పుడు నాకు పదిహేనేళ్లు ఉంటాయి. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు. దేవరకొండ దిక్కు గుట్టల కింద మా ఊరు. రజాకార్ల భయం పోయిందనుకునే లోపలే మిలిటరీ వచ్చి దొర గడీలో క్యాంపు పెట్టింది. గుట్టల్లో ఉన్న సంఘం వాళ్ల కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం, వెతుకుతున్నారు. మా బాపు కూడా సంఘంలో తిరిగినవాడే. ఇంట్లో ఉండేవాడు కాదు. ఎక్కడున్నాడని ఎవరడిగినా "ఎరుక లేదు" అనడమే మా ఇంట్లో అందరికీ వచ్చిన ఒకే పాఠం.

జ్వరం వారం రోజులు ఇంట్లోనే ఉంచుకున్నాను. మిరియాల కషాయం తాగాను, వేపాకు మీద పడుకున్నాను. పొద్దున కొంచెం తగ్గేది, సాయంత్రానికి మళ్లీ ఎక్కేది. నాలుక మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. ఎనిమిదో రోజు నేను లేని మనుషులతో మాట్లాడుతున్నానని అమ్మ బండి కట్టించింది. దేవరకొండ దాకా ఎడ్ల బండి, అక్కడి నుంచి మోటారు. నల్గొండలో పెద్ద దవాఖానకు చేర్చేసరికి నాకు తోవ కూడా గుర్తు లేదు.

నెత్తురు తీశారు. వైడాల్ టెస్ట్ అన్నారు. ఆ మాట అమ్మకు నోరు తిరగలేదు, నాకు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. మరునాడు డాక్టర్ సార్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"టైఫాయిడ్."

"గదేం గాలి సారూ?" అని అడిగింది అమ్మ.

"గాలి గాదమ్మా. ఖరాబు నీళ్లతోని వచ్చే జ్వరం. పేగుల్ల పుండ్లు పడ్తయి. గా పుండ్లు మానేదాక మెత్తటి తిండే పెట్టాలె. గట్టిది తిన్నదనుకో, పేగుకు తూటు పడ్తది. పర్ఫరేషన్ అంటరు. గదైతే నా చేతిల ఏం లేదు."

ఇప్పుడైతే గోళీలతో తగ్గిస్తున్నారు. ఆ గోళీలు అప్పటికి మా దాకా రాలేదు. బార్లీ నీళ్లు, గ్లూకోజు, నుదుటి మీద తడిగుడ్డ, అంతే. నర్సమ్మ పూటపూటకూ వచ్చి సంకలో గాజు పుల్ల పెట్టి టెంపరేచర్ చూసేది. చూసింది మంచం కాళ్ల దిక్కు వేలాడే కాగితం మీద రాసేది. ఆ వార్డులో అన్ని మంచాలకూ ఒక్కో కాగితం వేలాడేది. అమ్మ నేల మీద కూర్చుని రోజంతా ఆ కాగితాలనే చూసేది. కాగితం ఉన్న మంచాల మీది వాళ్లు ఒకరి వెనక ఒకరు లేచి ఇంటికి పోతున్నారు. ఆమె చూసింది అది.

మూడు వారాలు నిండాక జ్వరం దిగింది. ఇంటికి పంపేటప్పుడు ఏం తినాలో ఏం తినకూడదో కాంపౌండర్ తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. అమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. ఇంటికి వచ్చాక మొదటి పని, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పసుపు గుడ్డలో చుట్టి నా మంచం కోడుకు కట్టింది. దవాఖానలో మంచానికి కాగితం ఉంటే జ్వరం దిగింది కదా, ఇంట్లో కూడా ఉండాలి. మా ఇంట్లో చదువు వచ్చినవాళ్లు లేరు. ఊళ్లో చదువుకున్న ఇద్దరు ముగ్గురి దగ్గరికి పోయి చదివించుకోవాలని ఎవరికీ తట్టలేదు. కట్టాల్సినది కట్టాం, అంతటితో అయిపోయింది అనుకున్నాం.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పెద్ద జ్వరం నుంచి లేచిన పిల్లకు మేనత్త వచ్చి తలకు నీళ్లు పోసి మొదటి పత్తెం తన చేత్తో పెడుతుంది. మా మేనత్త నన్ను తన కొడుక్కి చేసుకోవాలని నేను పుట్టిన రోజే అనుకున్న మనిషి. నాలుగో రోజు జొన్న రొట్టెలు, కోడి కూర కట్టుకుని వచ్చింది.

"సార్ మెత్తటిది పెట్టమన్నడు వదినా," అంది అమ్మ.

"ఆయన ఎన్ని మాటలన్నా అంటడు. ఆయనింటి కోడలా ఇది, నా ఇంటి కోడలు! చూడు, కోడిపిల్ల మెడ లెక్క ఎట్లయిందో. నెత్తురు పట్టద్దా?"

ఆడబిడ్డ మాటకు ఎదురు చెప్పే అలవాటు అమ్మకు లేదు. మంచం కోడుకు కాగితం ఉందన్న ధైర్యం కూడా ఉంది. ఇద్దరి మీద తప్పు నెట్టి నేను తప్పించుకోను. నెల రోజుల ఆకలి నాది. సార్ మాట నా చెవులతో విన్నాను. అయినా రెండు రొట్టెలు తిన్నాను, మూడోది అడిగాను.

మూడో రోజుకు దొడ్డికి నల్లగా, తారులాగా వచ్చింది. లేచి నిలబడితే చెవుల్లో హోరు. మళ్లీ బండి, మళ్లీ మోటారు. డాక్టర్ సార్ నా కళ్ల రెప్ప కిందికి గుంజి చూసి, పల్స్ పట్టుకుని, "లోపట బ్లీడింగ్ అయితాంది. ఏం పెట్టిన్రు?" అన్నాడు. అమ్మ చెప్పింది.

"కాగితం రాసిచ్చినం గదమ్మా! ఏమైంది కాగితం?"

"మంచానికి కట్టిన సారూ. మీ కాడ కట్టినట్టే కట్టిన."

సార్ తిట్టు మింగేసి, అక్కడున్న స్టూలు గుంజుకుని అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఏం పెట్టాలో ఒక్కొక్కటీ చెప్పాడు, చెప్పింది మళ్లీ అమ్మతో చెప్పించాడు. మూడుసార్లు. పొట్టు ఉన్నది వద్దు, గట్టిది వద్దు, రాత్రి వండి నిలవ ఉంచినది వద్దు. నీళ్లు కాచి చల్లార్చి తాగాలి. పొద్దున కళ్లు తెరవగానే ఏదో ఒకటి మెత్తగా కడుపులో పడాలి, ఎండెక్కేదాకా ఖాళీ కడుపుతో ఉంచితే పిల్ల నిలవదు. "పిల్ల దక్కుతదా దక్కదా అంటే, ఇగ నా మందు మీద లేదు, నీ గిన్నె మీద ఉన్నది," అన్నాడు చివరికి. సూదులు వేసి పన్నెండు రోజులు ఉంచుకుని పంపాడు.

మేము ఊళ్లోకి వచ్చిన నాడే డప్పు కొట్టారు. పొద్దు బారెడు ఎక్కేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి రాజెయ్యకూడదు. తెల్లారకముందు పొగ లేచిందంటే గుట్టల్లో ఉన్నవాళ్లకు వండుతున్నట్టే లెక్క. డాక్టరేమో కళ్లు తెరవగానే పెట్టమన్నాడు, క్యాంపు వాళ్లేమో పొయ్యి ముట్టుకోవద్దంటున్నారు. రాత్రి వండి పెడదామా, నిలవ అన్నం వద్దన్నాడు.

అమ్మ ఆ సాయంత్రం వడ్లు దంచే ఇంటికి పోయి ఒక మూట పలుచటి అటుకులు తెచ్చింది. చేసిందంతా ఇదే. రెండు గుప్పిళ్ల అటుకులు చెరిగి, పొట్టు ఏరి, కాచి చల్లార్చిన నీళ్లతో రెండుసార్లు కడిగింది. ఆ పూట చిలికిన పులవని మజ్జిగ మునిగేదాకా పోసి, చిటికెడు ఉప్పు వేసింది. గిన్నె నోటికి గుడ్డ కట్టి, నీళ్ల కుండ కింది తడి ఇసుకలో కుదురుగా పెట్టింది. తెల్లారేసరికి అటుకులు వెన్నలాగా నానాయి. చేత్తో పిసికి పలుచటి బట్టలో వడగట్టింది. పొగ లేదు, మంట లేదు.

నేను తినలేదు. చల్లగా, చప్పగా, జారుడుగా ఉంది. రెండు బుక్కలు మింగి మొహం గోడకు తిప్పుకున్నాను.

"మేనత్త రొట్టె కమ్మగుంటది, అమ్మ అటుకులు చేదు," అంది అమ్మ. "రొట్టె తిని యాడిదాక పోయొచ్చినవో యాదికున్నదా?"

నాలుగు రోజులు అంతే. రెండు బుక్కలు, మూడు బుక్కలు. ఐదో రోజు నా చెయ్యి నేను లేపలేకపోయాను. అమ్మ తిట్టడం మానేసింది. అది చూసి నాకు భయమేసింది.

ఆ పొద్దున్నే ఇండ్లు వెతకడానికి వచ్చారు. ముందు మా ఊరి పోలీసు పటేలు, వెనక ఒక జవాను. జవాను పొయ్యిలో చెయ్యి పెట్టి బూడిద చూశాడు. చల్లగా ఉంది. పోబోతూ కుండ కింద గిన్నె చూశాడు. గుడ్డ విప్పాడు.

"యే కిస్కే లియే?"

"గీ గిన్నె ఎవరికని అడుగుతాండు," అన్నాడు పటేలు. పొయ్యి రాజెయ్యని ఇంట్లో, పొయ్యి అక్కర లేని తిండి, గుడ్డ కట్టి ఎత్తుకుపోవడానికి తయారుగా. మగమనిషి ఇంట్లో లేడు. ఎవరైనా ఏమనుకుంటారు?

"నా బిడ్డకు. జరమొచ్చి లేచింది," అంది అమ్మ.

జవాను నన్ను చూశాడు, గిన్నెను చూశాడు. తినిపించమని చేత్తో చూపించాడు. "పూరా," అన్నాడు.

"మొత్తం తినాలెనట బిడ్డా," అన్నాడు పటేలు మెల్లగా. "తింటె గిన్నె మీదేనని లెక్క. మిగిలితే మీ అమ్మ క్యాంపుకు రావాలె."

అమ్మ వడగట్టడానికి బట్ట తీయబోతే జవాను వద్దన్నాడు. చేత్తోనే మెత్తగా పిసికి నా నోట్లో పెట్టింది. మొదటి బుక్క మింగాను. రెండోది మింగాను. నాలుగోది గొంతులో ఆగింది. అమ్మ మొహం రాయిలాగా ఉంది. కళ్లు మూసుకుని మింగాను. ఎన్ని బుక్కలో లెక్క లేదు. గిన్నె అడుగు వేలితో గీకే చప్పుడు వినిపించాక కళ్లు తెరిచాను. జవాను వంగి గిన్నెలోకి చూసి బయటికి పోయాడు. పటేలు గడప దాటుతూ, "రేపు గూడ గట్లనే తిను తల్లీ," అన్నాడు.

కడుపు నొప్పి వస్తుందని అమ్మ ఆ రోజంతా నా పక్కనే కూర్చుంది. రాలేదు. మధ్యాహ్నం నేనే ఆకలి అన్నాను. ఆ రొట్టెల తర్వాత మొదటిసారి నా నోటితో ఆ మాట వచ్చింది. అమ్మ అప్పుడు ఏడ్చింది, జవాను ఉన్నప్పుడు కాదు.

ఆ తర్వాత రోజూ ఆ గిన్నె ఖాళీ చేశాను. పది రోజులకు గోడ పట్టుకుని నిలబడ్డాను. జుట్టంతా ఊడి మళ్లీ వచ్చింది. నెల దాటాక మెత్తటి అన్నం, రెండు నెలలకు రొట్టె. ఒక మాట మాత్రం చెప్పాలి. నేను తినేది రెండు గుప్పిళ్లు. అమ్మ తెచ్చే మూట మాత్రం వారానికి ఒకటి ఖాళీ అయ్యేది. ఆ జవాను చూసిన గిన్నె నాదే, అది ఒట్టు. మిగతా గిన్నెలు ఎటు పోయాయో నేను అడగలేదు. బాపు గుట్టల నుంచి తిరిగి వచ్చిన రోజు అమ్మ అటుకులు నానబెడుతుంటే, "ఇగ గవి నాకొద్దు," అన్నాడు. అప్పుడు తెలిసింది.

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక, సాయంత్రం బడిలో. కూడబలుక్కుని చదవడం వచ్చాక అమ్మ సందుగ తెరిచి ఆ పసుపు గుడ్డ విప్పాను. మడతల దగ్గర చిరిగింది గానీ రాత పోలేదు. "మెత్తని పదార్థములు మాత్రమే. రొట్టె, మాంసము కూడదు." ఆ ఆరు మాటలు చదవడానికి నాకు చాలాసేపు పట్టింది. అప్పటికి మా మేనత్త, అనుకున్నట్టే నాకు అత్త అయిన మనిషి, ఇంకా ఉంది. ఆమెకు చదివి వినిపించాను.

"గప్పుడే చదివితే నా కోడి బతుకుతుండె," అంది.

ఇప్పుడు తొంభైకి దగ్గరున్నాను. పళ్లు లేవు, కడుపు మాత్రం గట్టిగా ఉంది. నా మనవరాలు రాత్రి గాజు సీసాలో ఓట్స్, పెరుగు వేసి ఫ్రిజ్‌లో పెడుతుంది. "ఓవర్‌నైట్ ఓట్స్ అవ్వా, పొయ్యి అక్కర్లే," అని నాకే నేర్పింది. నేర్చుకున్నాను. బాగానే ఉంది, కొంచెం జిగురు.

పోయిన నెల పక్కింటి పిల్ల భర్త టైఫాయిడ్‌తో దవాఖాన నుంచి ఇంటికి వచ్చాడు. అతనికి ఏం పెట్టొచ్చో డాక్టర్‌ను అడిగి రమ్మన్నాను. అడిగి వచ్చాక అటుకుల సంగతి కాగితం మీద రాసిచ్చాను. ఇచ్చే ముందు ఆమెతో గట్టిగా చదివించాను. రెండుసార్లు. "నాకు చదువొచ్చు గదవ్వా," అని నవ్వింది. రానీ. మళ్లీ చదువు అన్నాను.

ఇంట్లో రోగి ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. లేచినవాళ్లకు ఆకలి చెప్పి రాదు, వచ్చినా ఎక్కువసేపు ఆగదు. మీరు పొయ్యి వెలిగించి వండేలోపు పోతుంది. డాక్టర్ సరే అన్నది సాయంత్రమే నానబెట్టి, పొద్దున వాళ్ల కళ్లు తెరుచుకునేసరికి గిన్నె పక్కన ఉంచండి.

నాకు గ్యాస్ పొయ్యి ఉంది. అయినా నా గిన్నె ఇవాళ కూడా నానుతోంది.