ఎల్ల దాటిన భీముడు

శాంతయ్య ఏడాదిలో పదకొండు నెలలు బావులు తవ్వేవాడు, ఒక్క నెల భీముడు. ఊరూరా బోర్లొచ్చాక బావి పని తగ్గిపోయి, పూడిక తీయడం, కూలిన ఒరలు కట్టడం మాత్రం మిగిలింది. భీముడి పని ఇరవై ఆరేళ్లుగా తగ్గలేదు.

వడమాలపేట, పుత్తూరు వైపు పల్లెల్లో ఎండాకాలం పద్దెనిమిది రోజులు భారతం పెడతారు, పగలు హరికథ, రాత్రి నాటకం. ఆఖరి రోజు దుర్యోధన వధ. ఊరి బయలులో అరవై అడుగుల దుర్యోధనుణ్ణి బంకమట్టితో వెల్లకిలా పడుకోబెడతారు. తొడలో ఎర్రనీళ్ల కుండ దాస్తారు. ధర్మకర్త "కొట్టరా!" అని అరవగానే భీముడు గద ఎత్తి ఆ తొడ పగలగొట్టాలి. పొద్దు గూకేలోపు తొడ పగలకపోతే ఆ ఏడు వాన ఉండదంటారు. పగిలిందా, జనం మట్టి కోసం ఒకరి మీద ఒకరు పడతారు. పిడికెడు తెచ్చి చేలో చల్లుకుంటే చాలు, పంట పండుతుందని వాళ్ల నమ్మకం.

శాంతయ్య ఊరు పెద్దకండ్రిగ. అక్కడి భారతానికి చుట్టూ తొమ్మిది పల్లెలు మట్టి పంపేవి. ఆ లోడు పంపడమంటే మేము మీ మాట కింద ఉన్నామని చెప్పుకోవడమే. కాలవ నీళ్ల తగువైనా, మొగుడూ పెళ్లాల తగువైనా ధర్మకర్త గోవిందస్వామి అరుగు మీదికి రావలసిందే. ఆయన తాత ఒకసారి ఆ తొమ్మిదింటిలో ఒకటైన ఎగువమిట్ట వాణ్ణి వేపచెట్టుకు కట్టేసి కొట్టించాడని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఎగువమిట్ట వాళ్లూ ఆ సంగతి మరిచిపోలేదు, వేరే రకంగా చెప్పుకుంటారు.

హైవే వెడల్పు చేసినప్పుడు అది ఎగువమిట్ట పక్కగా పోయింది. ఆ ఊరి జయచంద్ర అనే ఆసామి మొదట రెండు టిప్పర్లు కొన్నాడు. తర్వాత పన్నెండయ్యాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టి ఆరు పల్లెల ఆడవాళ్లకు పని ఇచ్చాడు. తగువులు మెల్లగా అరుగు దిగి ఆయన ఆఫీసు మెట్లెక్కాయి. ఈ ఏడు ఎగువమిట్ట తన భారతం తాను పెట్టుకుంది, అదే రోజుల్లో. తొమ్మిదింటిలో ఆరు ఊళ్ల మట్టి అటే పోయింది.

"మూడు లోడ్లతో అరవై అడుగులు ఎట్ల వస్తాది పెద్దాయనా?" అన్నాడు శాంతయ్య.

"లోపల వరిగడ్డి కుక్కు. పైన మెత్తు. పొడుగు మాత్రం అంగుళం తగ్గగూడదు," అన్నాడు గోవిందస్వామి.

శాంతయ్యకు ఇంకో ఇబ్బంది ఉంది. ఎగువమిట్టలో భీముడు కట్టేది మునిశేఖర్. తన అక్క కొడుకు, కూతురు ప్రశాంతికి మొగుడు, జయచంద్ర దగ్గర టిప్పర్ డ్రైవరు. భారతం మొదలయ్యే ముందు వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"మామా, ఓనరు అడిగినాడు. కాదంటే బండి తాళం గుంజుకుంటాడు. నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు."

శాంతయ్య బీడీ ఆర్పి పారేశాడు. "కొట్టేటప్పుడు మోకాళ్లు వంచు. లేకుంటే నడుం పోతాది," అన్నాడు. అదే ఒప్పుకోవడం.

పన్నెండో రోజు గొడవ రక్తం దాకా వచ్చింది. పెద్దకండ్రిగకు మట్టి తోలుకొస్తున్న రాజారత్నం ట్రాక్టరును ఎగువమిట్ట వాళ్లు ఆపి, అతణ్ణి కిందికి లాగి చెవి తెగేట్టు కొట్టారు. ఆ మర్నాడు పెద్దకండ్రిగ కుర్రకారు వాళ్ల బోరు పైపులు నరికారు, కాపలా ముసలాయన చెయ్యి విరిచారు. స్టేషను వాళ్లు రెండు వైపులా పేర్లు రాసుకున్నారు.

ఆఖరి రోజు మధ్యాహ్నం శాంతయ్య ముఖానికి రంగు పూసుకుంటుండగా గోవిందస్వామి నలభై మందితో వచ్చాడు. కర్రలు, గడ్డపారలు, రెండు మచ్చుకత్తులు.

"లెయ్ శాంతయ్యా. వాళ్ల బొమ్మను ముందర మనమే పగలగొడతాం. భీముడు లేకుండా పోతే దొంగలనుకుంటారు."

"చేతికి కాపు కట్టినారు కదా," అని శాంతయ్య మణికట్టు మీది పసుపుతాడు చూపించాడు. "పద్దెనిమిది రోజులు ఎల్ల దాటగూడదు."

"ఏ ఎల్ల? ఎగువమిట్ట మన తొమ్మిది పల్లెల్లోదే. ఆడికి పోతే దాటినట్టు యాడయితాది?" అన్నాడు గోవిందస్వామి. "పోనంటే, అది మనది కాదని నీవే ఒప్పుకున్నట్టు. అట్లనా? చెప్పు."

నలభై మందీ శాంతయ్య వైపే చూశారు. శాంతయ్య పెళ్లాం అక్కమ్మ వంటింట్లోంచి దూసుకొచ్చింది.

"ఆడుండేది మన బిడ్డ! ఎల్ల యాడుంటే ఏమయ్యా మీకు? ఈ ముసలాయన కాళ్లకింద నేల జారిపోతాంటే నా మొగుణ్ణి పట్టుకొని వేలాడాలా?"

"ఆడదాని మాటకు జవాబు లేదు," అన్నాడొకడు.

"ఉంటే గదా ఇచ్చేదానికి!" అందామె.

శాంతయ్య లేచాడు. నాటకంలో ఎవరికీ దెబ్బ తగలకుండా వేపకొయ్య గదకు గడ్డీ పాత చీరలూ చుట్టి ఉంటాయి. మట్టిబొమ్మ మీద ఆఖరి దెబ్బకు మాత్రం అవి విప్పుతారు. బొమ్మను కొట్టడానికే పోతున్నాడు కాబట్టి ఇంటి దగ్గరే విప్పేశాడు.

ఎగువమిట్ట బయలులో ఎల్ఈడీ తెర, పైన డ్రోను, ఆరు ఊళ్ల జనం. వాళ్ల దుర్యోధనుడు డెబ్బై అడుగులున్నాడు. మొదటి కర్ర ఎవడెత్తాడో ఇప్పటికీ తేలలేదు. కుర్చీలు గాల్లోకి లేచాయి. ఆడవాళ్లు పిల్లల్ని చంకన పెట్టుకొని స్కూలు వరండాలోకి పరుగెత్తారు. టిప్పర్ల వాళ్లు టైర్లు విప్పే రాడ్లతో దిగారు. పెద్దకండ్రిగ వాడొకడు నెత్తి పగిలి, బావిలోకి జారిన పూడిక గంపలాగా ధబ్బున కూలాడు. ఇంకొకడి చెంప మచ్చుకత్తికి తెరుచుకుని పళ్లు బయటపడ్డాయి. వాడు చెంప పట్టుకొని తన వాళ్లనే తిడుతున్నాడు. హరికథ చెప్పే ఆయన మైకు వదలకుండా "శాంతించండప్పా, శాంతించండి" అంటుంటే, ఎవరో స్టాండుతో సహా మైకును ఆయన మీదికి తోశారు.

శాంతయ్య నేరుగా మట్టిబొమ్మ ఎక్కాడు. తొడ దగ్గర మునిశేఖర్ నిలబడి ఉన్నాడు. అదే ఎరుపు రంగు, అవే మీసాలు. గద కింద పెట్టి చేతులు రెండూ చాపాడు.

"దిగు మామా. ఇది ఆరు ఊళ్ల మట్టి."

"ఆరు ఊళ్లూ మావే."

"నీ ఊళ్లా? నీకు సెంటు నేల లేదే మామా!" మునిశేఖర్ ఏడుస్తూ నవ్వాడు. "ఇంటికి పో. అత్త ఎదురుసూస్తా ఉంటాది."

శాంతయ్య గద భుజం మీద పెట్టుకుని ఆగిపోయాడు. దిగుదామనే అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి గోవిందస్వామి గొంతు వినిపించింది: "కొట్టరా!"

ఇరవై ఆరేళ్లుగా ఆ గొంతుకు ఆ చేతులు లేచాయి. ఈసారీ మనసును అడక్కుండానే లేచాయి. మోకాళ్లు వంగాయి. గద మునిశేఖర్ మోకాలి కింద తగిలింది. ఎముక చప్పుడు మట్టి చప్పుడులాగా ఉండదు.

మునిశేఖర్ అరుపుకు చుట్టుపక్కల కర్రలు ఆగాయి. ప్రశాంతి వరండా దూకి వచ్చి, మొగుడి తల ఒళ్లో పెట్టుకుంది. తండ్రి వైపు చూడలేదు. టిప్పర్ల వాళ్లు శాంతయ్యను బొమ్మ మీదనుంచి ఈడ్చి, పడేసి తన్నారు. రెండు పళ్లు రాలాయి, పక్కటెముక ఒకటి లోపలికి పోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. పోలీసు జీపు, ఆంబులెన్సు సైరన్లు వినగానే పెద్దకండ్రిగ వాళ్లు చెరువుకట్ట వైపు పరుగెత్తారు. గోవిందస్వామిని ఎవరిదో బైకు ఎక్కించుకుపోయింది.

జయచంద్ర వచ్చి తన్నేవాళ్లను నెట్టేశాడు. చొక్కా నలగలేదు. పడమర చూసి, శాంతయ్య పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"చిన్నాయనా, పొద్దు పోతా ఉండాది. మా భీముణ్ణి పడగొట్టినావు. కాపు కట్టినవాడే కొట్టాల. ఈడ ఇంక నీవే ఉండావు."

"నన్ను ఆంబులెన్సు ఎక్కనీ నాయనా. బిడ్డ ఒంటరిగా ఉండాది."

"కొట్టి ఎక్కు. పోలీసులకు నేను చెప్తా."

శాంతయ్యకు అంతా తెలుసు. ఇక్కడ కొడితే ఆరు ఊళ్ల ముందు, తెర మీద, పెద్దకండ్రిగ భీముడు ఎగువమిట్ట మాట కింద తొడ పగలగొట్టినట్టు. అక్కడ గడ్డి కుక్కిన దుర్యోధనుడు చావకుండా పడుకుని ఉంటాడు, కొట్టేవాడు లేక. ఇంక ఆ ఊరికి ఎవరూ లోడు పంపరు. ఆంబులెన్సు వెనక తలుపులు తెరిచి స్ట్రెచరు దించుతున్నారు.

ఇద్దరు చంకల కింద చేతులు వేసి అతణ్ణి బొమ్మ ఎక్కించారు. నోట్లోంచి రక్తం గడ్డం మీదికి కారుతుంటే తెర మీద చూసి ఎవడో ఈల వేశాడు. శాంతయ్య గద ఎత్తాడు. ఒక్క దెబ్బకే కుండ పగిలింది. జనం కేకపెట్టి మట్టి మీద పడ్డారు. ఆ తోపులాటలో అతణ్ణి తొక్కుకుంటూ పోయారు. మోచేతుల మీద పాకుతూ బయటపడ్డాడు.

ఆంబులెన్సు దగ్గర ప్రశాంతి అడ్డం నిలబడింది.

"ఎనక ఎక్కొద్దు నాయనా. ఆయన కండ్లు తెరిస్తే నీ మొగం కనపడగూడదు. ముందర కూర్చో."

అతను పక్కటెముక పట్టుకుని ముందు సీటు ఎక్కాడు. కానిస్టేబులొకడు అతణ్ణి నెట్టుకుని పక్కన ఇరుక్కున్నాడు. డ్రైవరు రంగూ రక్తమూ కలిసిన ఆ ముఖాన్ని ఎగాదిగా చూసి, "యాడికి పోవాలప్పా? పుత్తూరా, తిరపతా?" అన్నాడు.

శాంతయ్య వెనక కిటికీ వైపు తిరిగాడు.

"తిరపతి పెద్దాసుపత్రికే పోనీ అన్నా, ఆలస్యం చెయ్యకుండా బిన్నా పోనీ," అంది వెనకనుంచి ప్రశాంతి.