మూడోనాటి మూత

మా ఇంట్లో మూతలన్నీ మా ఆయనే పెడతాడు. పెట్టడం అని మర్యాదకు అంటున్నాను గానీ, అది బిగించడం. ఉప్పు డబ్బా, నెయ్యి డబ్బా, అల్లం వెల్లుల్లి సీసా, ఆఖరికి తలనొప్పి మందు డబ్బీ అయినా సరే, ఆయన చెయ్యి పడ్డదంటే మళ్లీ ఆ చేతికే లొంగాలి. పెళ్లయిన కొత్తలో దాన్ని బలం అనుకుని మురిసిపోయాను. తర్వాత అలవాటు అనుకుని ఊరుకున్నాను. పోయిన ఎండాకాలం నుంచి మాత్రం నామీద పగ అనుకున్నాను.

నేను జాకెట్లు కుడతాను. శంషాబాద్‌లో మా ఇంటి ముందు గదిలోనే నా మిషను, నా గిరాకీ. పోయిన ఎండాకాలం కుడి చేతి బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టింది. మొదట కత్తెర మూసేటప్పుడు సుర్రుమనేది. తర్వాత సూదిలో దారం ఎక్కించేటప్పుడు. కొన్నాళ్లకు అన్నం కలుపుకోవడం కూడా కష్టమైంది. దవాఖానకు పోతే డాక్టరమ్మ నా బొటనవేలిని అరచేతిలోకి మడిచి మణికట్టును కిందికి వంచింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"నరం వాచిందమ్మా," అంది ఆమె. "బట్టలు పిండొద్దు, మూతలు తిప్పొద్దు. ఇట్లనే మెలిపెట్టుకుంట పోతే ఆపరేషన్ చెయ్యాల్సి వస్తది. ఆ తర్వాత కత్తెర మునుపటి లెక్క పడతదని నేను మాటియ్యలేను."

నాకు భయమేసింది. ఆ మిషను ముందు కూర్చుంటేనే నేను నేను. భయమేస్తే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఆ కోపంలోనే బస్సెక్కి ఇంటికొస్తూ ఒట్టు పెట్టుకున్నాను, ఈ చెయ్యి మీద కత్తి పడనివ్వనని. బట్టలు పిండే పనిని వాషింగ్ మిషనుకు అప్పజెప్పాను. మిగిలినవి మూతలు. మూత తిప్పకుండా వంటింట్లో బతకడం ఎట్లాగో ఒక్కపూట ప్రయత్నం చేసి చూడండి. చాయ్ మరిగేలోపే మూడు నాలుగు మూతలు అడ్డం పడతాయి.

డాక్టరమ్మ చెప్పినవన్నీ మా ఆయన నా పక్కనే కూర్చుని విన్నాడు. అయినా ఇంటికొచ్చాక మళ్లీ చెప్పాను.

"ఇగ నుంచి మూతలు అల్కగ పెట్టయ్యా. గట్టిగ బిగియ్యకు."

"సరే," అన్నాడు.

మర్నాడు పొద్దున చాయ్‌పత్తి డబ్బా మూత ఎప్పటికన్నా గట్టిగా ఉంది. ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబు నడుపుతాడు. అప్పటికే బండి తీసుకుని వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే, "ఆరాంఘర్ కాడ ఉన్న, వచ్చినంక నేనే తీస్త. అప్పటిదాక జర ఆగరాదు?" అన్నాడు. నేను చాయ్ తాగాలంటే ఆరాంఘర్ నుంచి మనిషి దిగాలన్నమాట! నెత్తి మీద విమానాలు రివ్వున లేచిపోతున్నాయి, కింద నేను ఒక చాయ్‌పత్తి డబ్బా ముందు చతికిలబడి కూర్చున్నాను.

"వాడు చిన్నప్పటి సంది గంతే బిడ్డా," అంది మా అత్త. ఆమె మాతోనే ఉంటుంది. "బాయికాడ మోటరు పెట్టెకు తాళం ఏసి, మల్ల మీదికెల్లి తాడు గట్టెటోడు."

కొడుకును వెనకేసుకొస్తుందో, తిడుతుందో ఆమెతో ఎప్పుడూ తెలియదు.

నేను మళ్లీ చెప్పాను, పోట్లాడాను, ఒకపూట అన్నం పెట్టకుండా అలిగాను. ప్రతిసారీ "సరే" అనేవాడు. ప్రతి పొద్దున మూతలు బిగిసే ఉండేవి. ఇక ఆయనను మార్చడం నా వల్ల కాదని తేలిపోయింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిదాని సంగతి సామెతలో చెప్పలేదు కాబట్టి నేనే చూపిద్దామనుకున్నాను. ఆయన ఎంతైనా బిగించుకోనీ, నా చెయ్యి నొప్పి పుట్టకుండా ప్రతి మూతా తీస్తాను.

మొదట్లో నేను చేసినవన్నీ తెలివితక్కువ పనులే. మూత కింద కత్తి మొన పెట్టి లేపబోతే జారి ఎడమచెయ్యి తెగింది. రోకలితో కొడితే మూత సొట్టపడి ఇంకా గట్టిగా పట్టుకుంది. తలుపు సందులో ఇరికించి సీసాను తిప్పితే సీసానే పగిలి, వంటిల్లంతా వారం రోజులు వెల్లుల్లి వాసన కొట్టింది. "మూత తియ్యమంటే ఇల్లు తీస్తున్నవేందే!" అని అత్త నెత్తి కొట్టుకుంది.

దారి నాకు మిషను దగ్గరే దొరికింది. మందం గుడ్డ కోసేటప్పుడు కత్తెరను గాల్లో పట్టుకుని వేళ్లతో నొక్కితే చెయ్యి పోతుంది. కత్తెర కింది అంచును బల్ల మీద ఆనించి భుజంతో తోస్తే గుడ్డ దానంతటదే తెగుతుంది. ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్న పనే ఇది, మూత దగ్గర ఎందుకో గుర్తు రాలేదు. వేళ్లు పట్టుకోవడానికే గానీ తిప్పడానికి కాదు. సీసాను పట్టుకునే పని కూడా చెయ్యికి అక్కరలేదు. మిషను బల్లకున్న సొరుగును సగం లాగి, గుడ్డ చుట్టిన సీసాను అందులో నిలబెట్టి, సొరుగును నడుముతో నెడితే సీసా కదలదు. మూత చుట్టూ లంగాలకు వేసే వెడల్పు ఎలాస్టిక్ బిగుతుగా చుడితే జారదు. అప్పుడు ఎడమ అరచేతిని చపాతీలాగా పరిచి మూత మీద వేసి, వేళ్లను గాలికొదిలేసి, భుజంతో తిప్పాలి. అంగట్లో కొన్న జామ్ సీసాలాంటివైతే మూత అంచు కింద చెంచా కాడ పెట్టి కొద్దిగా లేపితే చాలు, టక్కుమని గాలి లోపలికి పోతుంది, తర్వాత పసిపిల్లలైనా తీస్తారు. ఇనుప మూత మరీ మొండికేస్తే దాని మీద వేడినీళ్లు పోయాలి. ఇనుము వేడికి కాస్త సాగి గాజును వదిలేస్తుంది.

వానాకాలం పోయేసరికి మా ఇంట్లో నాకు లొంగని మూత లేదు. బొటనవేలి వాపు కూడా తగ్గింది. మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ, "ఆపరేషన్ మాట ఇప్పుడు అక్కర్లేదు. కానీ జాగ్రత్త, ఒక్కసారి గట్టిగ మెలిపడ్డా మళ్లీ మొదటికొస్తది," అంది. నేను తలూపి, ఇంటికొచ్చి పట్టు జాకెట్ ఒకటి కత్తిరించాను. ఆ రోజు కత్తెర చప్పుడు నా చెవులకు పాటలాగా ఉంది.

ఈ ఎండాకాలం తొక్కు పెట్టాం. మామిడికాయ తొక్కు లేనిది మా ఇంట్లో ఏడాది గడవదు. కాయలు మంఖాల్‌లో మా తమ్ముడి చేనువి. మా ఇంటి పద్ధతి ఏమిటంటే, తొక్కు కలిపిన చెయ్యే మూడోనాడు మూత విప్పాలి. కిందా మీదా కలిపి, ఉప్పు చూసి, ముక్కల పైకి వచ్చేదాకా నూనె పోయాలి. అప్పటిదాకా బయటి చెయ్యి పడకూడదు. తడి అయితే అసలే తగలకూడదు. చెమట చుక్క రాలినా అత్త ఊరుకోదు. పాత జాడి పగులు పట్టిందని ఈసారి వెడల్పు మూతి గాజు సీసా తెచ్చాం, ఇనుప మూతది. కలపడం, పోపు నూనె పోయడం అయ్యాక నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి, మా ఆయన సీసా మూత పెట్టేసి వంటింటి గట్టు మీదికి ఎక్కించేశాడు. లోపల నూనె ఇంకా గోరువెచ్చగానే ఉంది.

మూడోనాడు పొద్దున చూస్తే నూనె కిందికి దిగిపోయింది. పైన ముక్కలు పొడిగా బయటపడి ఉన్నాయి. ఆయనకేమో కర్నూలు సవారీ తగిలి ముందురోజే వెళ్లాడు. మర్నాడు గానీ రాడు.

"ముక్క తేలితే బూజు పడ్తది బిడ్డా. ఏడాది తొక్కు," అంది అత్త. సీసా చుట్టూ తిరుగుతోంది.

"నువ్వు పరేషాన్ కాకు అత్తా, ఇప్పుడే తీస్త," అన్నాను, గొప్పగా.

సొరుగులో నిలబెట్టాను. ఎలాస్టిక్ చుట్టాను. ఎడమ అరచెయ్యి వేసి భుజంతో తోశాను. మూత కదల్లేదు. ఇంకోసారి తోశాను. మిషను బల్ల జరిగింది గానీ మూత జరగలేదు. వేడి మీద మూత పెట్టడం వల్ల, చల్లారేటప్పుడు లోపలి గాలి మూతను కిందికి లాగి పట్టుకుంది. దానికి తోడు మూత తిరిగే మరలో నూనె, కారం ఇరుక్కున్నాయి. వాటన్నిటి మీద మా ఆయన బిగింపు. చెంచా కాడ పెడదామంటే సందే లేదు.

పొయ్యి మీద నీళ్లు పెట్టాను. గిన్నె పట్టుకుని వస్తుంటే అత్త గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఏందది? నీళ్లా? తొక్కు మీదికి నీళ్లు తెస్తున్నవా?"

నిజమే. ఏడాదిగా నేను నమ్ముకున్న వేడినీళ్లు ఈ ఒక్క సీసాకు పనికిరావు. ఒక చుక్క మర సందులోంచి లోపలికి జారినా తొక్కంతా పోతుంది. పోనీ పక్కింటి అబ్బాయిని పిలుద్దామా అనబోయాను. అతను కొత్తూరులో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, చేతులు ఇనుప కడ్డీల్లాగా ఉంటాయి. అత్త నావైపు చూసిన చూపుకు ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ పిలవాలని లేదు. ఏడాది పోట్లాడింది ఇందుకా?

అప్పుడు నా కుడిచెయ్యి దానంతటదే వెళ్లి మూత మీద కూర్చుంది. అది బలమున్న చెయ్యి. ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుందని నాకు తెలుసు. బొటనవేలు మూత అంచును పట్టుకుంది. పట్టుకోగానే లోపల ఎక్కడో పాత నొప్పి కళ్లు తెరిచినట్టయింది. బల్ల మీద కత్తిరించిన జాకెట్ ముక్కలు ఉన్నాయి, ఒక పెళ్లికూతురివి. ఇప్పుడు చెయ్యి పోతే, ఈ ఏడాది నేను పడ్డ పాటంతా ఒక మూతకు ధారపోసినట్టే. "తియ్యవే చెయ్యి," అని నన్ను నేనే పైకి తిట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఎవర్ని అంటున్నవ్?" అంది అత్త.

"నన్నే."

ఆ ముక్కల పక్కనే ఇస్త్రీ పెట్టె ఉంది. కాజాల పట్టీ నొక్కడానికి పెట్టిన ప్లగ్గు నేనింకా తీయలేదు. దానిలోనూ వేడే ఉంది, పైగా పొడి వేడి. నూలు గుడ్డను నాలుగు మడతలు వేసి, చురుక్కుమనేదాకా ఇస్త్రీ చేసి, మూత చుట్టూ కప్పాను. చల్లారగానే తీసి మళ్లీ ఇస్త్రీ చేసి కప్పాను. అత్త నోరు తెరుచుకుని చూసింది.

"తొక్కుకు ఇస్త్రీ చేస్తున్నవా బిడ్డా?"

"అవ్. పెళ్లికి పోతదట."

ఆమె నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. నేను మాత్రం గుడ్డలు మారుస్తూనే ఉన్నాను. కాసేపటికి మూత అంచు కింద ఎర్రటి నూనె మెరుపు కనబడింది. లోపల బిగిసింది కరుగుతోంది. ఎలాస్టిక్ మళ్లీ చుట్టాను. అత్తను సొరుగును తన నడుముతో నెట్టమన్నాను. ఎడమ అరచెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి, భుజాన్ని తోశాను. మూత కిర్రుమంది. ఇంకొంచెం తోశాను. టప్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడైంది, వెంటనే వెల్లుల్లి, ఆవపిండి ఘాటు ముక్కుకు తగిలింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఘాటుకని అత్తకు చెప్పాను గానీ, అది ఆనందమే.

"మూతకు ఎడమచెయ్యి పెడితె పెట్టినవ్ గని, గంటె మాత్రం కుడిచేత్తోనే పట్టు," అంది అత్త.

కుడిచేత్తోనే పట్టాను, మెల్లగా. కిందా మీదా కలిపి, ముక్కలు మునిగేదాకా నూనె పోశాను. మధ్యాహ్నం పెళ్లికూతురి జాకెట్ కుట్టాను. బొటనవేలు పలకలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. కాళ్లు కడుక్కుని వంటింట్లోకి రాగానే, వదులుగా మూత పెట్టిన సీసా ఆయన కంటపడింది.

"ఎవరు తీసిన్రు?"

"నేనే."

ఆయన ముఖం పాలిపోయింది. గబుక్కున నా కుడిచెయ్యి పట్టుకుని, డాక్టరమ్మ చేసినట్టే బొటనవేలిని అరచేతిలోకి మడిచి కిందికి వంచాడు. "నొస్తున్నదా?"

"లేదు. ఆ చెయ్యి పెట్టనే లేదు."

"మరి నేను గంత గట్టిగ పెట్టింది ఎందుకు!" అన్నాడు, కోపంగా.

"ఎందుకు? చెప్పు, నాకు గూడ తెల్వాలె."

"డాక్టరమ్మ మూతలు ముట్టద్దన్నది గదా. అల్కగ పెడితే నేను లేనప్పుడు నువ్వు తిప్పుతనే ఉంటవు. ఎంతకూ రాకపోతే ఇడిసిపెట్టి, నేను వచ్చేదాక ఊకుంటవనుకున్న."

"ఏడాది సంది గందుకేనా?"

"అవ్."

నాకు ఆయన నెత్తి మీద ఒకటి వేయాలనిపించింది. నాకోసమే బిగించాడట. ఆ బిగింపుతోనే నేను ఏడాది కుస్తీ పట్టాను.

"నేను ఊకునే మనిషినా?" అన్నాను.

"కాదు. తెల్సు. గందుకే ఇంకింత గట్టిగ పెట్టిన."

వెనకనుంచి అత్త నవ్వింది. నేను నవ్వలేదు. సీసా తెచ్చి, మూత తీసి ఆయన ముందు పెట్టాను.

"నా చెయ్యిని నేను చూసుకుంట. ఇగ నువ్వు మూత పెట్టు. రెండు వేళ్లతోని."

పగలంతా స్టీరింగ్ పట్టే ఆ చెయ్యి, రెండు వేళ్లతో మూత పట్టుకుని తడబడింది. తిప్పాడు. మూత సీసాను ఆనుకుంది. ఇంకొంచెం బిగించబోయి, నా ముఖం చూసి ఆగాడు.

"గింతేనా?"

"గింతే."

"నేను లేనప్పుడు తీస్తవు మరి."

"తీస్త," అన్నాను.

ఆయన మూత మీద నుంచి చెయ్యి తీశాడు.