ఎడమచేతి దర్జీ

మా చెల్లెలు ముప్పై ఏళ్లుగా యూనివర్సిటీలో పాఠాలు చెబుతోంది. మానవ హక్కులూ, విదేశాంగ విధానమూ దాని సబ్జెక్టు. నేను మూడో తరగతి దాటకపోయినా అదేమిటో చెప్పగలను. మన సర్కారు పొరుగు దేశపు సైన్యానికి చేసిన సాయం చివరికి ఎవరి గుమ్మంలో పిడుగై పడిందో ఆరా తీయడం, అంతే.

ఆ పని మీదే సరిహద్దు దాటి వెళ్లి ఒక దర్జీని కలిసింది. అతను సైనికులకు యూనిఫాంలు కుట్టేవాడు. ఊళ్లో కుర్రాళ్లను ఎత్తుకుపోయినవాళ్లు ముసుగులు వేసుకున్నా, వాళ్ల చొక్కాల మీద తన కుట్టు గుర్తుపట్టాడు. ఆ గుడ్డ మన దేశం పంపిందేనట. అంతా చెప్పి, తన పేరు మాత్రం రాయవద్దన్నాడు.

మా చెల్లెలు పుస్తకంలో అతని పేరు మార్చే రాసింది. అచ్చయ్యాక నాకు చదివి వినిపించింది.

"ఎడమచేత్తో కత్తెర పట్టే దర్జీ అని రాశావేమే?" అన్నాను.

"పేరు మార్చానుగా అక్కా."

"పేరు మారిస్తే చెయ్యి మారుతుందా? అంత చిన్న ఊళ్లో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారే, చదువుకున్నదానా?"

అది ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదువుకుంది. రెండు నెలలకు దర్జీ మాయమయ్యాడని కబురొచ్చింది.

ఆ పుస్తకంతోనే ఇది ప్రొఫెసరైంది. అప్పటినుంచి మన ఊళ్లో కూడా దర్జీ కొట్టున్న ఏ వీధిలోనూ నడవదు. బస్టాపుకు చుట్టూ తిరిగి పోతుంది. కుట్టుమిషను చప్పుడు వినిపిస్తే చెబుతున్న పాఠం ఆపేస్తుందని దాని విద్యార్థులే నాతో అన్నారు.

పోయినేడు పుస్తకం మళ్లీ అచ్చుకు వెళుతోందని తెలిసి దర్జీ భార్య సరిహద్దు దాటి మా ఇంటికొచ్చింది. మంచినీళ్లిస్తే ముట్టలేదు.

"ఈసారి ఆయన పేరు వేయండమ్మా. ఎలా దొరికిపోయాడో అదీ రాయండి."

"మీకు ప్రమాదం..." అని నసిగింది చెల్లెలు.

"దాచాల్సినప్పుడు దాచలేదు. ఇప్పుడు దాచి ఎవరిని కాపాడతారు?"

నా నోటికి ఊరంతా జడుస్తుంది. ఆవేళ మాత్రం ఆమె ముట్టని గ్లాసు తీసుకుని లోపలికి పోయాను.

తోటి ప్రొఫెసర్లు వద్దన్నారు. నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావా అన్నారు. ఇది వినలేదు. అతని పేరు వేసింది, తన తప్పు రాసింది, మొదటి ప్రతి ఆమెకే పంపింది.

నెల తిరక్కుండా పార్సిలు వెనక్కొచ్చింది. ఆ చిరునామాలో ఎవరూ లేరని ముద్ర.

చెల్లెలు దారం కూడా విప్పలేదు. పార్సిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇల్లు మారి ఉంటుందే," అన్నాను.

"అంతేనంటావా అక్కా?"

నా నోట అబద్ధం రాదని నాకు మహా గర్వం.

"అంతేలే," అన్నాను.