వెళ్లని ఊరి తీర్థం

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు వెళ్లే దారిలో, జిరాక్స్ షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఒక ఇరుకు గదిలో వైదేహి టైపు చేసేది. పీహెచ్‌డీ పిల్లలు చేతిరాత కట్టలు పట్టుకుని వచ్చేవాళ్లు. చరిత్ర గానీ భూగోళం గానీ, అర్థం కాని మాట తగిలితే మెషీను ఆపి అడిగేది. "మడ అడవులంటే ఏంటండీ? మీరు చూశారా? లోపలికి వెళితే ఎలా ఉంటుంది?" టైపు చేసేవాళ్లు ఇన్ని ప్రశ్నలు వేస్తారా అని పిల్లలు నవ్వేవాళ్లు, నవ్వుతూనే చెప్పేవాళ్లు. ఆవిడ పుట్టింది తెనాలి. పెళ్లయి వచ్చింది సికింద్రాబాదు. చూసిన లోకమంతా ఆ రెండు ఊళ్లూ, వాటి మధ్య రైలు కిటికీలోంచి కనిపించినంత మేరా.

తొంభై అయిదులో భర్త సూర్యనారాయణ, "ఈసారి ఎల్టీసీ వాడేద్దామే," అన్నాడు. ఆయనది సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. నాలుగేళ్లకోసారి కుటుంబంతో దేశంలో ఎక్కడికైనా వెళ్లొస్తే ప్రయాణం ఖర్చు ఆఫీసు ఇస్తుంది. అంతకుముందు రెండుసార్లు వాడకుండానే పోయింది. దసరా సెలవులకి రామేశ్వరం అనుకున్నారు.

ఇక ఆ వానాకాలమంతా వైదేహి మనసులో ప్రయాణమే. మధురై నుంచి వచ్చి లేడీస్ హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి థీసిస్ అప్పుడు ఆవిడ దగ్గర టైపవుతోంది. సాయంత్రం మెషీనుకి గుడ్డ కప్పేసి ఆ అమ్మాయితో క్యాంపస్‌లో నడిచేది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఆ అమ్మాయి చాక్‌పీసుతో రాతి మీద గీసి చూపించేది. ఇదిగో మద్రాసు. సెంట్రల్లో దిగి ఎగ్మూరుకి మారాలి. రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి సముద్రం, దాని మీద రైలు వంతెన. దాటితే రామేశ్వరం. అక్కడ కారు మాట్లాడుకుంటే తిరుచెందూరు మీదుగా కన్యాకుమారి, పైకి మధురై, ఇంకా పైకి కొడైకెనాలు. కొండ దిగి మళ్లీ రైలు. ఎక్కడ పొద్దున్నే బయల్దేరాలో, ఎక్కడ కారువాడు పక్క ఊరి గుడి కూడా చూపిస్తానని దారి మళ్లిస్తాడో, అన్నీ చెప్పింది. వైదేహి ఇంటికొచ్చి కూర తరుగుతూ తొమ్మిదేళ్ల కూతురు సౌమ్యకి ఒప్పజెప్పేది. కొన్నాళ్లకి ఆ పిల్లే తల్లిని దిద్దడం మొదలుపెట్టింది.

వాళ్లు అద్దెకున్నది మేడ మీద. కింద ఇల్లుగలవాళ్లు, లక్ష్మీనర్సయ్య, భారతమ్మ. లక్ష్మీనర్సయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. పగలంతా ఆయన మంచం వరండాలోనే. సాయంత్రాలు వైదేహి ప్రయాణం ముచ్చట్లన్నీ ఆ మంచం చుట్టూనే.

"వంతెన దాటేదాకా రైలే," అనేది వైదేహి. "వచ్చేటప్పుడు కారు. పక్కనే రోడ్డు వంతెన ఉందట. దాని మీంచి చూస్తే రైలు వంతెన మొత్తం కనబడుతుందట."

"రానూపోనూ రైలైతే బిల్లు తేలిక," అనేవాడు సూర్యనారాయణ.

"మీకు సముద్రంలో కూడా బిల్లే కనిపిస్తుంది."

"వైదేహి చెప్పిందే రైటు," మంచం మీంచి లక్ష్మీనర్సయ్య తేల్చేవాడు. మాట కొంచెం ముద్దగా వచ్చేది. "పోంగ రైలు, రాంగ కారు."

"ఈన మాట ఇనకు బిడ్డా," భారతమ్మ అందుకునేది. "జిందగీ అంత బండ్లు బాగుజేసిండు గని బండెక్కి ఏడికి పోయిండు? ఎన్ని పాసులిచ్చిన్రో! అన్నీ చుట్టాల పెండ్లిళ్లకే ఖతం." ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించింది. "రామేశ్వరం పోవాలని ఈనకు శాన ఉండె. గింత సీసల తీర్థం పట్కరా తల్లీ. నోట్ల పోస్త."

"తప్పకుండా తెస్తాను పెద్దమ్మా," అంది వైదేహి.

వినాయకచవితి వెళ్లాక ఒక ఆదివారం, అన్నం తింటూ సూర్యనారాయణ, టికెట్లు క్యాన్సిల్ చేశానని చెప్పాడు. బోడుప్పల్ స్థలానికి వాయిదా కట్టాలి. ఆఫీసు డబ్బు అటు సర్దుతాడు. బిల్లులు ట్రావెల్స్‌వాడు రాసిస్తాడు.

"వెళ్లకుండానే వెళ్లొచ్చామని రాస్తారా?"

"అందరూ చేసేదేనే. మా సెక్షన్లో నిజంగా వెళ్లొచ్చినవాడు ఎవడో చెప్పమను. పోయినేడు కాశ్మీరు బిల్లు పెట్టినవాడు సికింద్రాబాదు కూడా దాటలేదు."

"మరి ఈ దసరాకి..."

"మా అక్కయ్య ఇంట్లో ఉందాం. ఇక్కడే తిరుగుతూ కనపడితే ఎవడో ఒకడు పిటిషను పడేస్తాడు."

ఆయన చెడ్డవాడు కాదని, చాలా ఏళ్ల తర్వాత ఇదంతా నాకు చెబుతూ వైదేహి మూడు నాలుగు సార్లు అంది. స్థలం ఆవిడ పేరు మీదే కొన్నాడట. అడగాల్సినంత గట్టిగా తనే అడగలేదట.

సూర్యనారాయణ అక్కయ్య అమ్మాజీది మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్. తార్నాక నుంచి ఆటో ఎక్కితే సిగరెట్టు కాల్చేలోగా దిగిపోవచ్చు. దసరా సెలవులకి పెట్టెలు సర్దుకుని, వీధివాళ్లందరి చేతా "జాగర్తగ పోయిరాన్రి" అనిపించుకుని, ఆ ఇంట్లోకి వెళ్లి కూర్చున్నారు. బయటికి రావడానికి లేదు. సౌమ్య కిటికీ దగ్గర కూర్చుని పోయే బళ్లని చూసేది. అమ్మాజీ ఒకటే నవ్వడం. "ఏవే మరదలా, ఇవాళ ఏ ఊళ్లో ఉన్నారు? కన్యాకుమారేనా? అయితే సముద్రస్నానం చేసిరా, నూతి దగ్గర నీళ్లు తోడి పెట్టాను." వైదేహి కూడా నవ్వేది. నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఇంటికి తిరిగొచ్చిన సాయంత్రం ఆటో ఆగగానే భారతమ్మ చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకొచ్చింది.

"వస్తిరా బిడ్డా! దర్శనం మంచిగయ్యిందా? తీర్థం తెచ్చినవా?"

వైదేహి అన్ని రోజులూ అక్కడ కూర్చుని ఈ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కోలేదు. సీసా పగిలిపోయిందని అందామనుకుంది. ఈలోగా సూర్యనారాయణ సంచిలోంచి ఒక సీసా తీశాడు. మూతకి పసుపుదారం కూడా చుట్టి ఉంది. "మర్చిపోతామా పెద్దమ్మా! కోటితీర్థం." పొద్దున అమ్మాజీ ఇంట్లో పట్టిన మంజీరా కుళాయి నీళ్లవి.

భారతమ్మ సీసా కళ్లకద్దుకుంది. వెంటనే వరండాలోకి వెళ్లి, చెంచాతో భర్త నోట్లో పోసింది. లక్ష్మీనర్సయ్య కళ్లు మూసుకుని, బాగున్న చేతిని పడిపోయిన చేతికి ఆనించి దండం పెట్టాడు. ఒక చుక్క పెదవి పక్కనుంచి జారితే భారతమ్మ వేలితో తీసి మళ్లీ నోట్లోనే వేసింది.

"బ్రిడ్జి చూస్తివానె?" ఆయన సౌమ్యని అడిగాడు.

పిల్ల తండ్రి వైపు కూడా చూడలేదు. "చూశాం తాతా! తెల్లారుతుంటే వచ్చింది. రెండు పక్కలా నీళ్లే. డబ్బాలో కూర్చుంటే కింద వంతెన కనపడదు, నీళ్ల మీద పోతున్నట్టే ఉంటుంది. అమ్మ భయపడి నా చెయ్యి పట్టుకుంది. రైలు కూత వేస్తే కొంగలన్నీ లేచిపోయాయి. వచ్చేటప్పుడు కార్లో వచ్చాం కదా, అప్పుడు మొత్తం కనిపించింది."

లక్ష్మీనర్సయ్య నోరు తెరుచుకుని విన్నాడు. సౌమ్య గొంతులో ఎక్కడా తడబాటు లేదు. మధురై అమ్మాయి చెప్పిందీ, తల్లి కూర తరుగుతూ ఊహించుకుందీ కలిపి, ఇంకాస్త తనది చేర్చి, కళ్లకి కట్టింది. వైదేహి మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. పిల్ల నోరు జారుతుందేమోనని దారంతా భయపడింది. జారకపోయేసరికి ఇంకా భయమేస్తుందని అనుకోలేదు.

ఆ తర్వాత ప్రతి పొద్దునా కిందనుంచి చెంచా చప్పుడు వినిపించేది. భారతమ్మ రోజుకొక్క చెంచాయే పోసేది, ఎక్కువరోజులు రావాలని. తీర్థం తాగినప్పటి నుంచి ఈయన ముద్ద మంచిగా మింగుతున్నాడని వీధిలో చెప్పింది. ఎవరింట్లోనో బాలింతకి జ్వరమొస్తే ఆవిడకీ ఇంత పోసిచ్చింది. వైదేహి నీళ్లు పట్టుకోవడానికి కిందికి రావడం మానేసి సౌమ్యని పంపసాగింది. క్యాంపస్ వైపు వెళ్లడమూ మానేసింది. ఒకరోజు వెళ్లక తప్పలేదు. ఆర్ట్స్ కాలేజీ ముందు మధురై అమ్మాయి దూరంనుంచే చెయ్యి ఊపింది. నలభై ఏళ్ల మనిషి, పక్కనున్న చెట్టు వెనక్కి తప్పుకుని, ఆ అమ్మాయి వెళ్లిపోయేదాకా కదలకుండా నిలబడింది.

దీపావళి వెళ్లాక భారతమ్మ బియ్యం చెరుగుతుంటే వైదేహి వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. లక్ష్మీనర్సయ్య వరండాలో నిద్రపోతున్నాడు.

"పెద్దమ్మా, మేము రామేశ్వరం వెళ్లలేదు."

భారతమ్మ చేట ఆపలేదు. "ఏందీ?"

"మెట్టుగూడలో ఉన్నాం, మా వదినగారింట్లో. ఆ నీళ్లు అక్కడి కుళాయివి."

చేట ఆగింది. భారతమ్మ తిడుతుందనుకుంది వైదేహి. తిట్టించుకోవడానికే వచ్చింది.

"నాకెందుకు చెప్పినవ్?" అందావిడ చివరికి.

"దాచుకోలేకపోయాను పెద్దమ్మా."

"నువ్వు చెప్పి బరువు దింపుకుంటివి. రేపు పొద్దుగాల నేనేం చెయ్యాలె? చెంచ తీస్కపోకపోతే ఆయన నోరు తెరుస్కోని ఎదురుచూస్తడు. పోస్తె, ఇయ్యాల్టిదాక తెల్వక పోసిన, రేపటిసంది తెలిసి పోస్త." చేట పక్కన పెట్టింది. "పోనీ, ఆయనకు చెప్పనా? తీర్థం గాదయ్యా, నల్లా నీళ్లని? గా పిల్ల చెప్పిన ముచ్చట రోజుకొక్కసారన్న చెప్పుకుంటడు నాతోని."

వైదేహి కాళ్ల మీద పడబోతే భారతమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది. "గవన్ని ఒద్దు. పైకి పో."

ఆ రాత్రి వైదేహి భర్తతో చెప్పింది, రామేశ్వరం వెళుతున్నానని.

"ఒక్కదానివా? మతిపోయిందా?"

"మొన్న వెళ్లొచ్చిన ఊరేగా. దారి తెలుసు," అంది.

ఆయన తల దించుకున్నాడు. కానీ వీధిలో ఏమని చెప్పాలి? పండక్కి వెళ్లొచ్చినవాళ్లు నెల తిరక్కుండా మళ్లీ రామేశ్వరమెందుకు? అమ్మకి ఒంట్లో బాగోలేదని, తెనాలి వెళుతున్నానని చెప్పి బయల్దేరింది. ఆ నిజం తీర్థం తేవడానికి ఇంకో అబద్ధం ఆడాల్సొచ్చింది. తల్లి నిక్షేపంగా ఉంది.

వానాకాలమంతా కట్టుకున్న యాత్రలో ఒక్క మజిలీయే మిగిలింది. కారు లేదు, కన్యాకుమారి లేదు, కొండ లేదు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు, ఎగ్మూరులో చిన్న బండి. తెల్లారగట్ల వంతెన వచ్చింది. రైలు మనిషి నడిచినంత మెల్లగా పోయింది. కిటికీ ఊచలు ఉప్పుగాలికి జిడ్డుగా ఉన్నాయి. ఎదుటి సీటు ముసలాయన సముద్రంలోకి పావలా విసిరి ఆవిడనీ వెయ్యమని సైగ చేశాడు. ఎవరైనా పక్కనుంటే ఏడ్చేదాన్ని కాదంది వైదేహి. గుళ్లో ఇరవైరెండు బావుల నీళ్లూ పోయించుకుని, కోటితీర్థం సీసాలో పట్టుకుని, ఆ సాయంత్రమే తిరుగు బండెక్కింది.

ఇల్లు చేరి, బట్టలైనా మార్చకుండా సీసా తీసుకెళ్లి భారతమ్మ ముందు పెట్టింది. సంచిలో రైలు టికెట్టు కోసం వెతుకుతోంది.

"టికెట్లెందుకు? టికెట్లు మీ ఆయన గూడ సూపిచ్చె ఆఫీసుల," అంది భారతమ్మ.

మూత తీసి, అరచేతిలో కాస్త పోసుకుని ముందు తనే తాగింది. ఇంకొంచెం నాలుక మీద ఉంచుకుని చూసింది. "నీళ్లు నీళ్ల లెక్కనే ఉన్నయి. నాకేం ఎరుకైతది బిడ్డా." లోపలికి తీసుకెళ్లి పాత సీసాలో మిగిలింది తులసికుండీలో పారబోసింది. కొత్తది ఆ చోటే పెట్టింది. "ఆయనకేం చెప్పకు. పాతదీ చెప్పకు, కొత్తదీ చెప్పకు. గట్లనే ఉండనీ." మర్నాడు పొద్దున చెంచా చప్పుడు మామూలుగానే వినిపించింది. నమ్మి పోసిందో, నమ్మకుండా పోసిందో వైదేహికి ఎప్పటికీ తెలియలేదు. వంతెన ఎలా ఉందని మాత్రం భారతమ్మ అడగలేదు. వీధిలో అడిగేవాళ్లు లేరు. వాళ్ల లెక్కన ఆవిడ దసరాకే చూసొచ్చేసింది. అందరూ తెనాలిలో అమ్మకెలా ఉందని అడిగారు. తగ్గిందని చెప్పింది.

సౌమ్య ఒక్కతే అడిగింది. జడ వేయించుకుంటూ, తల తిప్పకుండా, గొంతు తగ్గించి.

"అమ్మా, నేను చెప్పినట్టే ఉందా?"

"లేదమ్మా."

"మరెలా ఉంది?"

వైదేహి చెప్పింది. మెల్లగా పోయిన రైలు, ఊచల జిడ్డు, పావలా విసిరిన ముసలాయన. కొంగలు లేవని కూడా చెప్పింది. పిల్ల శ్రద్ధగా వింది.

"అయితే నేను తాతకి తప్పు చెప్పాను కదా. ఇప్పుడు వెళ్లి సరిగ్గా చెప్పనా?"

జడ అల్లుతున్న వేళ్లు ఆగిపోయాయి. కింద లక్ష్మీనర్సయ్య ఎవరికో, ఎదురింటివాళ్లకే కావచ్చు, కొంగల సంగతి చెబుతున్నాడు.

దసరాకి ముందు ఎవరికీ చెప్పొద్దని పిల్లకి నేర్పింది సూర్యనారాయణ. అప్పుడు తను వంటింట్లో ఉంది, విననట్టు ఊరుకుంది.

"వద్దు," అంది వైదేహి. "అలాగే ఉండనీ."

"సరే," అంది సౌమ్య, ఎందుకని కూడా అడక్కుండా. రిబ్బను వెనక్కి అందించింది.