తాడు పట్టినవాడు

దయ్యం ఉందని ఎవరైనా అంటే, నువ్వు చూశావా అని అడిగి నోరు మూయించే మనిషిని నేను. గొర్ల వెంట తిరిగినవాణ్ణి. మంద ఎక్కడ ఆగితే అక్కడే పడక. శవాలు పూడ్చే బొందలగడ్డ పక్కన ఎన్నిసార్లు పడుకున్నానో నాకే గుర్తు లేదు. నక్కలు తప్ప ఏవీ నా దగ్గరికి రాలేదు. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, అందంగా రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మాది మోత్కూరు దగ్గర పల్లె. నాకు పెళ్ళయిన రెండో ఏడు గొర్లకు రోగం తగిలి మందలో సగానికి పైగా పోయాయి. సాగర్ డ్యాం కడుతున్న రోజులవి. మా వైపు వాళ్ళు చాలామంది అటు పోయారు. నేను మాత్రం అమ్రాబాద్ అడవికి, వెదురు కొట్టే పనికి పోయాను.

మాకు అమ్రాబాద్ అంటే పరదేశమే. మా దగ్గర గుట్ట అంటే మేకపిల్ల ఒక్క పరుగులో ఎక్కి దిగేది. అక్కడి కొండల కొస చూడాలంటే మెడ నొప్పి పుట్టేది.

అక్కడ ఇద్దరు దోస్తులయ్యారు. ఒకడు యాదగిరి, నార్కట్‌పల్లి వైపు రైతుబిడ్డ, నా ఈడువాడు. నోరు ఊరుకోని మనిషి. మొదటి రోజు నుంచే నన్ను బావా అని పిలిచేవాడు. రెండో మనిషి గురువయ్య, చెంచు. మాకంటే పెద్దవాడు. ఏ పొదలో వెదురు ముదిరిందో మాకు చూపించేవాడు.

ఎండాకాలం మొదట్లో ఒక రోజు లారీ రాలేదు, పని లేదు. గురువయ్య కొండ మీద తేనెపట్టు చూసి వస్తానని బయలుదేరాడు. మేమూ వెంటబడ్డాం. నేను కొండ ఎక్కడం అదే మొదటిసారి. పొద్దు ఎక్కకముందే నడక మొదలుపెడితే, కొస చేరేసరికి ఎండ మాడు మీదికి వచ్చింది. యాదగిరి దారి పొడుగునా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. భుజం మీద గొంగడి ఎందుకు మోస్తున్నావు, కొండకు కప్పుతావా అని అడిగాడు.

పైన కొండ ఒక్కసారిగా తెగిపోయి ఉంది. బోర్లా పడుకుని తొంగిచూస్తే, నాలుగు నిలువుల కింద బండ లోపలికి వంగిన చోట తేనెపట్టు చాటంత కనిపించింది. గురువయ్య ఆ రోజు దిగనన్నాడు. అతని బామ్మర్దికి జ్వరం. తేనెకు దిగిన మనిషి తాడు భార్య అన్నదమ్ములే పట్టాలట. సొంత తమ్ముడికి కూడా ఇవ్వరట. ఎందుకని అడిగితే ఒక్కటే అన్నాడు.

"అక్కను ముండమోపిని చేసుకుంటడా ఎవడన్న?"

అంతటితో దిగివస్తే ఈ కథే లేదు. యాదగిరి నన్ను రెచ్చగొట్టాడు. గొర్లు కాసేవాడికి కిందికి చూస్తేనే కళ్ళు తిరుగుతాయన్నాడు. నాకు రోషం వచ్చి, నేను దిగుతానన్నాను. నీ బామ్మర్ది ఏడి అని గురువయ్య అడిగాడు. నా భార్య ఒక్కతే బిడ్డ. ఆ మాట నేను చెప్పేలోపే యాదగిరి అందుకున్నాడు.

"నేను లేనా? ఈని పెండ్లాం మా చెల్లె. ఊకెనే బావా అంటున్ననా?"

గురువయ్య నా మొహం చూశాడు. నేను తల ఊపాను. తాడు దగ్గర అబద్ధం ఆడేవాళ్ళు ఉంటారని అతనికి తెలియదు.

అడ్డతీగ నారతో పేనిన తాడు నా నడుముకు కట్టాడు. దాన్ని చెట్టుకు ఒక చుట్టు తిప్పి, కొసను నడుముకు కట్టుకొమ్మని యాదగిరికి చెప్పాడు. మూడుసార్లు గుంజితే పైకి అని గుర్తు పెట్టుకున్నాం. తర్వాత పొగ పెట్టడానికి పక్క దారిన కిందికి పోయాడు. పొగ లేచాక నేను దిగాను. యాదగిరి తాడు కొస నడుముకు కట్టుకోలేదు. చేత్తో పట్టుకుంటే చాలనుకున్నాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

బండ వంగిన చోట జానెడు అంచు ఉంది, దాని వెనక మనిషి ఒదిగి కూర్చునేంత నెర్రె. అంచు మీద కాలు మోపానో లేదో గాలి మళ్ళింది. పొగ అటు పోయింది. తేనెటీగలు లేచాయి. పైన యాదగిరి అరుపు ఒక్కటి వినిపించింది, తర్వాత వాడు పరుగెత్తిన చప్పుడు. నా నడుము దగ్గర తాడు వదులైంది.

నేను నెర్రెలో దూరి గొంగడి నిండా కప్పుకున్నాను. ప్రాణం నిలిపింది ఆ గొంగడే. మోకాళ్ళు గదుమకు ఆనుకున్నాయి. కాలు చాపితే గాలిలోకి. నోరు తెరిస్తే ఈగలు. తాడును మెల్లగా గుంజి చూశాను. అడ్డు లేకుండా మూరెడు వచ్చింది. ఇంకోసారి గుంజాను, ఇంకా వచ్చింది. రెండు బారలు ఒళ్ళోకి వచ్చాక అర్థమై చెయ్యి ఆపాను. పైన దాన్ని పట్టుకున్నవాళ్ళు లేరు. ఇంకా గుంజితే కొస కూడా కొండ అంచు దాటి జారిపోతుంది, ఇక ఎవరికీ అందదు.

ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. గొంగడి సందులోంచి ఎండ నా కాలివేళ్ళ మీదికి వచ్చి, దాటిపోయింది. కాళ్ళు నావి కానట్టు అయ్యాయి. చెమటకు తడిసిన గొంగడి వాసన, ఈగల హోరు. మా ఆమె ఇంటి ముందు నిలబడి దారి చూస్తున్నట్టు ఒకటే తలపు. తల ఊపిన నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు తాడు కదిలింది. మూడుసార్లు.

ఒళ్ళో ఉన్న రెండు బారలూ నిదానంగా పైకి పోయాయి. ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి వేసి గుంజుతున్న లెక్క. తాడు నడుముకు బిగిసింది. గురువయ్య వచ్చాడనుకుని గొంగడితోనే లేచి బండకు వేలాడాను. వంపు దగ్గర ఊపిరి అందక ఆగితే, తాడు కూడా ఆగింది. నేను సర్దుకున్నాక మళ్ళీ కదిలింది. అంత ఓపిగ్గా గుంజినవాడు నా మీద పగ ఉన్నవాడు కాడు, ఆ మాట చెప్పగలను.

పైకి వచ్చి గడ్డి మీద బోర్లా పడ్డాను. తల ఎత్తితే ఎవరూ లేరు. చెట్టుకున్న చుట్టు ఊడి ఉంది. గుంజిన తాడు చక్కగా చుట్ట చుట్టి గడ్డి మీద పెట్టి ఉంది.

గురువయ్య వచ్చేసరికి చాలాసేపు పట్టింది. భుజం మీద కొత్త తీగలు మోసుకొచ్చాడు, నన్ను పైకి గుంజడానికే. యాదగిరి కింద వాగులో పడి ఉన్నాడట, మొహం వాచి రెండు కళ్ళూ మూసుకుపోయాయట. అతన్ని నీళ్ళలోంచి తీసి, ఆకుపసరు పూసి వచ్చేసరికి ఆలస్యమైందన్నాడు. నన్ను చూసి నిలబడిపోయాడు. ఎవరు గుంజారని అడిగాడు. నువ్వే అనుకున్నానన్నాను.

అతను వంగి నేల చూశాడు. మడమలు ఆనించి గట్టిగా నిలబడినట్టు రెండు గుంటలు నాకూ కనిపించాయి. చుట్టూ తిరిగి చూశాడు. వచ్చిన జాడ లేదు, పోయిన జాడ లేదు. అడవిలో జింక నిన్న నడిచిందా మొన్న నడిచిందా అని చెప్పే మనిషి అతను. అప్పుడు నేను నిజం చెప్పాను. యాదగిరి నాకు ఏమీ కాడని, నాకు బామ్మర్దే లేడని. గురువయ్య కోపం చేయలేదు.

"లేకుంటె నువ్వు పైకొస్తుంటివా?" అన్నాడు, తాడు భుజాన వేసుకుంటూ.

వానల ముందు ఇంటికి వచ్చాను. మా అత్త కూడా వచ్చి ఉంది. అత్త నాతో ఎదురుగా మాట్లాడేది కాదు, అప్పటి పద్ధతి అది. ఈ సంగతి మా ఆమెకు చెబుతుంటే, గోడ అవతల జొన్నలు చెరిగే చప్పుడు వినిపిస్తూ ఉంది. మా ఆమె నవ్వింది, తనకు అన్నదమ్ములెక్కడున్నారు అని. చెరిగే చప్పుడు ఆగింది.

"ఉండె," అన్నది అత్త. "నీకంటె ముందుగల. ఇర్వై దినాలు బతికిండు. పేరు గూడ పెట్టలే."

ఇరవై ఒకటో నాడు పేరు పెడతారు. పేరు పడని బిడ్డ మాట వాళ్ళ ఇంట్లో ఎత్తరట. మా ఆమెకు కూడా అదే మొదటిసారి తెలియడం.

చచ్చిపోయిన పసిగుడ్డు నన్ను గుంజాడని నేను అనను. పొత్తిళ్ళలో పోయినవాడికి తాడు పట్టడం ఎవరు నేర్పారు? అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మరి ఎవరు గుంజారు? ఏళ్ళ తరబడి ఆలోచిస్తూనే ఉన్నాను.

కాసేపటికి అత్త గోడ అవతల నుంచే కూతుర్ని పిలిచింది. నన్ను ఒక్క మాట అడగమన్నది.

"గట్టిగ గుంజిండా అడుగు, బిడ్డా."

నేను అంగీ ఎత్తి మా ఆమెకు నడుము చూపించాను. తాడు ఒరుసుకున్న చోట మచ్చ ఇంకా నల్లగా ఉంది. చాలా బలం గల మనిషి అని చెప్పమన్నాను. అందులో అబద్ధం లేదు.